చీపురు దాటిన గీతలు

ఇంటి పొయ్యినిఁ దల్లివై యిడుదు వన్న
మాకలికి; వేది హవిసుకు మార్గ మీవు;
గోనె మూటల దాగకు కోపగించి;
కూలి చేతులఁ గావుము, కొల్తు నిన్ను.

అగ్నిభట్టారకా! పిలిచిన చోటికి వచ్చినప్పుడు నీవు దేవుడవు. పిలవని చోట కన్ను తెరిచినప్పుడూ దేవుడవే. కాని అప్పుడు నీ యెదుట నిలువగల మనిషి లేడు. ఈ వారపు కథ అటువంటి పిలవని రాకను గురించినది గనుక, ముందుగా నీకే చేయెత్తి మ్రొక్కి మొదలుపెడుతున్నాను.

కాప్రా చెరువు దారిలోని శాంభవి గిడ్డంగిలో సోమవారం మధ్యాహ్నం మంట లేచిన సంగతి పాఠకులకు విదితమే. నగరపు తాగునీటిని శుద్ధిచేసే బ్లీచింగు పొడి, పటిక, సున్నము, కర్మాగారాలకు పోయే గంధకము, ఇవన్నీ రైలు దిగింది మొదలు లారీ ఎక్కేదాకా విశ్రమించే చోటు అది. మూడవ గదిలో, గంధకపు బస్తాల వరుసకు రెండు బారల దూరంలో, మూలనున్న ఒక కుప్ప అంటుకున్నది. హమాలీ మేస్త్రి రాములు ఆ కుప్పను వట్టిచేతులతో ఇనుపరేకు మీదికి లాగి, వాకిట్లోకి ఈడ్చి పడవేశాడు. గంధకం అంటుకుని ఉంటే చుట్టుపక్కల బస్తీలలో ఊపిరి తీసుకునేందుకు గాలి మిగిలేది కాదు. బస్తీలు దక్కాయి. రాములు చేతులు దక్కుతాయో లేదో వైద్యులింకా చెప్పలేదు.

అతని చొక్కా జేబులో బీడీకట్ట దొరికింది. అది చాలు కదా! యజమానుల తరఫున వ్యవహారాలు చూసే మేనేజరు సదాశివ, 'బీడీ నిప్పువల్ల' అని ఒక కాగితం టైపు చేయించాడు. శుక్రవారం పదకొండు గంటలకు వచ్చి, గిడ్డంగి ఇన్‌చార్జి దేవసహాయం చేత దానిమీద సంతకం పెట్టించుకుంటానన్నాడు. ఆ సంతకం పడితే రాములు మంచంమీద ఉండగానే కొలువు పోతుంది. మంచం దిగిన నాడు పోలీసుల ముందు నిలబడవలసి వస్తుంది. గురువారం సాయంత్రం దేవసహాయం కాలిన గదిలో, విచారణ కోసం ఊడ్వకుండా వదిలిన మూలన మోకాళ్ళమీద కూర్చుని బూడిద కెలుకుతుండగా, వేళ్ళకు ఒక ముడి తగిలింది. సగం కాలిన చీరపేలిక. దాని అంచు పచ్చన. ఆ ముడి ఎవరు వేస్తారో ఆయనకు తెలుసు.

* * *

శుక్రవారం పొద్దున ఆషాఢపు ముసురు పట్టింది. బ్లీచింగు బస్తాలు నింపుకున్న లారీ తొమ్మిదిన్నరకు గేటు దగ్గర నిలిచి గురగురలాడుతున్నది. దేవసహాయం గొడుగు పట్టుకుని డ్రైవరు లూకా తలుపు దగ్గరకు వచ్చి, నాలుగు గిన్నెల క్యారియరు అందించాడు.

"ఇది రాములుకు. మా ఆవిడ మేబెల్ తెల్లవారుజామున లేచి చేసింది. జావ ఉంది, మెత్తగా కలిపిన అన్నం ఉంది. అతని చేతులకు కట్లున్నాయి గనుక నువ్వే దగ్గర కూర్చుని తినిపించు."

"అట్లనే సార్. లారీ ఆస్పత్రి గేటుకాడ పెట్టి పోత. కానీ రాములన్నకు తినిపియ్యాల్నంటే గంట పడ్తది. నిన్న మా అక్క పోతే, నేనేమన్న చంటిపోరన్నా అని మూతి తిప్పిండంట. మస్తు నఖరాలు చేస్తున్నడు."

"చెయ్యనీ. చేతులతో గిడ్డంగిని కాపాడినవాడు ఆ మాత్రం చెయ్యకూడదా? తొందరపెట్టకు. ఎంతసేపైనా కూర్చో."

"మరి నీళ్ళ ఆఫీసోల్లు నా మీద గరమైతరు సార్."

"నా పేరు చెప్పు."

"మీ పేరు చెప్పుకునే కదా సార్ ఇన్నేండ్ల సంది నెట్టుకొస్తున్న," అని లూకా నవ్వి, క్యారియరును సీటు పక్కన జాగ్రత్తగా ఒదిగించి పెట్టుకున్నాడు.

వెళ్ళే ప్రతి లారీ చుట్టూ ఒకసారి ప్రదక్షిణంగా తిరిగి, బస్తాల మూతులు చూసి, టార్పాలిను అంచులు లాగి చూడటం దేవసహాయానికి పన్నెండేళ్ళ అలవాటు. 'నూట అరవై' అని రాములు స్థానంలో వచ్చిన కొత్త హమాలీ జీవరాజు లెక్క చెప్పాడు. దేవసహాయం ఆ పూట తిరగలేదు. ఆయన చెయ్యి జేబులో ఉన్నది. జేబులో పేలికముడి ఉన్నది. మనసంతా దాని చుట్టూనే తిరుగుతున్నది. గేటు చీటీ మీద సంతకం చేసి లారీని పంపివేశాడు.

ఆ తరువాత గదిలోకి వచ్చి, కమలాబాయిని పిలవమని కబురు పెట్టాడు.

అయిదు రోజులుగా ఆ గిడ్డంగిలో అందరినీ విచారించారు. హమాలీలను, గేటు కావలివాడిని, గుమాస్తాలను, చివరికి సోమవారం టీ తెచ్చినవాడిని కూడా పిలిచి అడిగారు. చీపురు పట్టుకున్న మనిషిని మాత్రం ఎవరూ పిలవలేదు. ఆమె అందరి మధ్య ఊడుస్తూనే ఉంది. వాళ్ళు కాళ్ళెత్తి దారి ఇస్తూనే ఉన్నారు.

కమలాబాయి తడిసిన కొంగు పిండుకుంటూ వచ్చింది. యాభై దాటిన మనిషి. గిడ్డంగిలో దేవసహాయం కంటే పాతకాపు. ఇది ధాన్యపు గిడ్డంగిగా ఉన్న రోజుల నుంచీ ఉన్నది.

"ఏందీ సారూ, పొద్దుగాల్నే యాది జేసిన్రు? కొత్త చీపురు గిట్ల ఇప్పిస్తరా ఏంది? మూడు నెలల సంది అడుగుతున్న."

దేవసహాయం జేబులోని ముడిని తీసి బల్లమీద పెట్టాడు.

ఆమె ముఖంలో భయం కనబడుతుందేమోనని ఆయన లోలోపల భయపడుతున్నాడు. భయం కనబడలేదు. చిరకాలానికి ఎదురైన చుట్టాన్ని పలకరించినట్లు, ఆమె దాన్ని చేతిలోకి తీసుకున్నది.

"ఓయమ్మ, ఇది నాదే! నా పచ్చంచు చీరది సారూ. మా బిడ్డ లగ్గంల కట్టిన. చినిగినంక పేలికలు చేస్కున్న. యాడ దొరికింది?"

"మూడో గదిలో. బూడిదలో."

"అవు మల్ల. మూట సుత కాలె గద."

"ఏ మూట?"

"ఊడ్పు మూట సారూ. మీకెరుక లేదా?"

ఎరుక లేకేమి? ఉన్నది. కాని ఇంట్లో గడియారపు చప్పుడు చెవికి వినబడనట్లు, ఆ మూట కూడా ఏళ్ళ తరబడి కళ్ళముందుండి కంటికి ఆనకుండా పోయింది. దేవసహాయం కుర్చీలో ముందుకు వంగాడు.

"అందులో ఏమేమి వేస్తావు?"

అన్నంలోకి ఏం వేసుకుంటావని అడిగినట్లు ఆమె వింతగా చూసింది. "ఏది రాల్తే అది. ఒకటో గదిల తెల్లపొడి, రెండో దాంట్ల పటిక నలుసులు, మూడో దాంట్ల పచ్చగ ఉంటది సూడు, గా గంధకం. హమాలీలు బస్తా కొక్కెంతోని గుంజినప్పుడల్ల ఇంతింత రాల్తది. నేను ఊడ్సుకుంట వొస్త."

"అన్నీ ఒకే మూటలోనా?"

"ఒక్క చీపురు, ఒక్క చాట, ఒక్క మూట. ఏడు మూటలు మొయ్యనీకి నేనేమన్న లారీనా సారూ?"

మరో నాడైతే ఆయన నవ్వేవాడు. ఇప్పుడు ఆయన చూపు కిటికీలోనుంచి గిడ్డంగి నేల మీదికి పోయింది. గదికీ గదికీ మధ్య పసుపురంగు గీతలు గీయించినది ఆయనే. ఏ సరుకుకు ఏది పొరుగున ఉండకూడదో తెలుసుకోవటమే గిడ్డంగి విద్యలో సగమని కొత్తగా వచ్చిన ప్రతివానికీ ఆయన చెప్పేవాడు. బ్లీచింగు పొడి ఒంటరి ప్రాణి, దాని దగ్గరకు నూనె రాకూడదు, పుల్లలు రాకూడదు, గంధకం అసలే రాకూడదు. బస్తాల కింద చెక్కపలకలు వేయాలి; గోడకు మూరెడు దూరం ఉంచాలి; తడిసిన బస్తాను వేరుగా పెట్టి ముందుగా కబురు చేయాలి. గేటు దగ్గర ఒక రేకుడబ్బా. లోపలికి వచ్చే ప్రతివాడూ అగ్గిపెట్టె అందులో వేసి రావాలి. సోమవారం నాడు రాములు అగ్గిపెట్టె ఆ డబ్బాలోనే ఉన్నది. దేవసహాయం స్వయంగా చూశాడు.

ఇన్ని నియమాలు చేసిన మనిషి చీపురును మరిచిపోయాడు. పసుపు గీతల దగ్గర బస్తాలు ఆగాయి, హమాలీలు ఆగారు, లారీలు ఆగాయి. చీపురు ఆగలేదు. రోజూ పొద్దునా సాయంత్రమూ అది గీతలన్నిటినీ దాటి, పగవాళ్ళందరినీ చేయిపట్టి తెచ్చి, ఒకే మూటలో పడుకోబెట్టింది.

"కమలాబాయీ, ఆ మూటను సోమవారం పొద్దున నువ్వు ముట్టుకున్నావా?"

"ముట్టకుంటె ఎట్ల? ఊడ్సింది దాంట్లనే ఏస్తి."

"ఎలా ఉంది?"

"ఎట్లుంటది, మూట లెక్కనే ఉండె. ఎచ్చగ ఉండె జెర. సుబేదారుగాడు దాని మీదనే పంటుండె గద."

సుబేదారు అన్నది గిడ్డంగి పిల్లి. బస్తాలను ఎలుకలు కొరకకుండా పెంచుకున్నది. దాని మీసాలు చూసి కంటోన్మెంటులో పనిచేసి వచ్చిన పాత కావలివాడు ఆ పేరు పెట్టాడు. వానలు మొదలైనప్పటి నుంచి అది ఊడ్పు మూటను విడిచి కదలటం లేదు. కిందటి శనివారం దేవసహాయం కూడా చూశాడు. బ్లీచింగు ఘాటంటే ఈ పిల్లికి ఎంత ఇష్టమో అని ముచ్చటపడి, ఇంటికి పోయి మేబెల్‌తో చెప్పుకుని నవ్వాడు.

ఆయన అడిగాడు: "పిల్లి లేనప్పుడు ఎప్పుడైనా చెయ్యి పెట్టావా?"

కమలాబాయి పేలికముడిని వేళ్ళమధ్య నలిపింది.

"సోమారం... పొద్దుగాల అది ఎలుకను గెదుముకుంట పోయింది సారూ. లేకుండె. అప్పుడు సుత ఎచ్చగనే ఉండె." ముడిని బల్లమీద పెట్టేసింది. "లోపల్నుంచే ఎచ్చగుండె."

బయట వాన కురుస్తూనే ఉన్నది. కప్పు కారి మూడవ గది మూలన చెమ్మ చేరిన సంగతి, రెండు వారాలుగా మేస్త్రి రాములే వచ్చి చెబుతున్న సంగతి, బాగుచేయిద్దామని తాను తల ఊపిన సంగతి దేవసహాయానికి గుర్తుకు వచ్చాయి. కలిసిన పొడులకు ఆ చెమ్మ తగిలి లోలోపల వేడి పుట్టింది.

"సారూ," అన్నది కమలాబాయి. ఆమె గొంతులో అప్పటిదాకా ఉన్న ఆట ఇప్పుడు లేదు. "మంటల మూట కాలిందనుకున్న. మూటల్నే మంట పుట్టిందా?"

ఆయన తల ఊపాడు.

ఆమె గోడకు ఆనుకుని అట్లాగే నేలమీద కూలబడింది. "రాములన్న చేతులు! నా మొగడు సచ్చిన్నాడు పాడె మోసిన చేతులు సారూ అవి."

దేవసహాయం లేచి మంచినీళ్ళ గ్లాసు ఆమె చేతికిచ్చాడు. ఆమె తాగలేదు. ఓదార్పు మాట ఏదో చెప్పబోయి, దానికి బదులు అడగవలసిన ప్రశ్న అడిగాడు. న్యాయాధికారి వలె కాదు, దారి తప్పిన చోటు ఎక్కడో తెలుసుకోగోరే బాటసారి వలె అడిగాడు.

"రాలినవన్నీ ఒకే మూటలో వేయమని నీకు ఎవరు చెప్పారు?"

కమలాబాయి తల ఎత్తి ఆయన ముఖంలోకి చూసింది. ఆ చూపులో నింద లేదు. అదే ఆయనకు భరించరానిదైంది.

"మీరే సారూ."

* * *

పన్నెండేళ్ళ కిందటి మాట. ధాన్యం పోయి రసాయనాలు వచ్చిన మొదటి వారం.

ధాన్యపు రోజులలో నేల రాలిన గింజలు ఊడ్చే మనిషికే చెందేవి. అది హక్కు కాదు, దయ కాదు; ఆ గిడ్డంగి ఆచారం. అన్నపూర్ణను కాలికింద ఉండనీయరాదని హమాలీలు గింజ తొక్కకుండా అడుగు పక్కకు వేసేవాళ్ళు. కమలాబాయి ఆ గింజలన్నీ, వడ్లూ జొన్నలూ కందులూ అన్న భేదం లేకుండా, ఒక మూటకెత్తి ఇంటికి తీసుకుపోయి చెరిగి వండుకునేది. పొల్లు పిచ్చుకలకు వేసేది. రసాయనాలు వచ్చిన నాడు ఆమె ఊడ్చినదంతా చాటకెత్తి, ఇక తన మూటకు పని లేదని కంటతడి పెట్టుకుని, మోరీలో పోయబోయింది.

కొత్తగా ఇన్‌చార్జిగా వచ్చిన దేవసహాయం అది చూశాడు. తల్లి ఎలీసబెతు చిన్ననాడు అన్నం పళ్ళెం ముందు కూర్చోబెట్టి, జనసమూహానికి భోజనం పెట్టిన ప్రభువు కూడా మిగిలిన ముక్కలను పారవేయనీయలేదని చెబుతూ, నేలమీది మెతుకులు ఏరించేది. ఆ సంగతి ఆయన నోటికి వచ్చింది. 'కింద పడ్డదని పారెయ్యకు కమలాబాయీ. నీ అలవాటు మంచిది, మానకు. ఒక మూటలో వేసి ఉంచు. తెల్లపొడి మీ బస్తీ మోరీలలో చల్లుకోవచ్చు, రోగాలు రావు' అన్నాడు.

ఆమె కళ్ళు తుడుచుకుని మూట మూతి విప్పింది.

అప్పటినుంచి ప్రతి యేడూ బోనాల ముందు ఆ మూట బస్తీకి పోయేది. మోరీల వెంట తెల్లగీత పడేది. ఇన్నేళ్ళు ఏమీ కాలేదంటే గంధకం ఈ గిడ్డంగికి వచ్చి ఎనిమిది నెలలే అయింది కనుక. గంధకం వచ్చిన నాడు దేవసహాయం కొత్త గీతలు గీయించాడు, పాత మాటను మార్చటం మరిచాడు. చెడు తలంపుతో చెప్పిన మాటైతే మనిషి ఎప్పుడో ఒకప్పుడు తడుముకుని సరిదిద్దుకుంటాడు. మంచి మనసుతో చెప్పిన మాటను మళ్ళీ తీసి చూసుకోవాలని ఎవరికి తోస్తుంది!

* * *

సదాశివ పదకొండుకు అయిదు నిమిషాలుండగా వచ్చాడు. గొడుగు మూల నిలబెట్టి, కళ్ళద్దాలు తుడుచుకుని, సంచిలోనుంచి టైపు కాగితం తీశాడు. చెడ్డవాడు కాడు. అయిదు రోజులుగా నిద్ర లేదని కళ్ళకింది నలుపు చెబుతున్నది.

"దేవసహాయం గారూ, ఇక్కడ, ఇక్కడ. రెండు సంతకాలు. నేను అటు చూడను, మీరు చదవకండి. అయిపోతది."

"నేను చదివాను. అది నిజం కాదు." ఊడ్పు మూట సంగతంతా దేవసహాయం నెమ్మదిగా, ఏదీ దాచకుండా చెప్పాడు. కమలాబాయి గోడవార నిలబడి విన్నది.

సదాశివ లేచి తలుపు దగ్గరగా వేసి వచ్చి, గొంతు తగ్గించాడు.

"మీ రిటైర్మెంటుకు ఇంకెన్ని రోజులు?"

"నాలుగు నెలలు."

"ఇది బీడీ అయితే ఒక మనిషి తప్పు. మూట అయితే గిడ్డంగి తప్పు. గవర్నమెంటోళ్ళు రేపే వచ్చి తాళమేస్తరు. నలభై ఇండ్లల్ల పొయ్యి లేవదు. నేను రాములు దుష్మన్‌ననుకుంటున్నరా? వాడి బిడ్డ అక్షరాభ్యాసానికి పోయి భోజనం చేసొచ్చిన. కానీ ఒక్కణ్ణి చూడాల్నా, నలభై మందిని చూడాల్నా? మీరే చెప్పండి, మీరు ధర్మం తెలిసినోళ్ళు."

"చెబుతాను," అన్నాడు దేవసహాయం. "ఈ ఊళ్ళో ధాన్యం పోయి రసాయనాలు వచ్చిన గిడ్డంగులు ఎన్ని ఉన్నాయి సదాశివ గారూ? ప్రతిదాంట్లోనూ ఒక కమలాబాయి ఉంటుంది. బీడీ అని రాస్తే వాళ్ళు బీడీలు మానేస్తారు. చీపురు మానరు. ఆ మూటలు మూలమూలనా వెచ్చగా నిద్రపోతూనే ఉంటాయి. ఒకనాడు లేస్తాయి. ఆ రోజు రాములు లాంటివాడు దగ్గర లేకపోతే?"

సదాశివ కళ్ళద్దాలు మళ్ళీ తుడిచాడు. అవి శుభ్రంగానే ఉన్నాయి.

దేవసహాయం తెల్లకాగితం తీసుకుని తన చేతివ్రాతతో రాయటం మొదలుపెట్టాడు. మంట బీడీవల్ల పుట్టలేదు. మేస్త్రి రాములు అగ్గిపెట్టె గేటు డబ్బాలో ఉన్నది. గది గదికి వేరు చీపురు, వేరు డబ్బా ఉండవలసింది, లేవు. నేలమీద పడినవన్నీ ఒకే మూటలో చేర్చమని చెప్పినవాడను నేను. కప్పు కారుతున్నదని తెలిసి ఆలస్యం చేసినవాడనూ నేనే.

"ఆగు సారూ!" కమలాబాయి ముందుకు వచ్చి కాగితం మీద అరచెయ్యి పెట్టింది. "నీ పేరు రాయకు. ఊడ్సిన చెయ్యి నాది. నాది రాయి. నాకు పోయేటి కుర్సీ లేదు, ఏం లేదు."

"చెయ్యి తియ్యమ్మా. సిరా అంటుకుంటుంది."

"అంటుకోనీ! నువ్వు మంచి చెప్పినవ్. నేను ఎక్కువ తెలివికి పోయిన. గంధకం కొత్తగొచ్చింది, అడగాల్నా వద్దా? ముసలిదాన్ని, నాకు నోరు లేదా?"

"నువ్వు అడగలేదు. నేను చెప్పవలసినవాణ్ణి. అడగటం నీ పని కాదు, చెప్పటం నా పని. దానికే నన్ను ఇక్కడ కూర్చోబెట్టారు." ఆయన ఆమె చేతిని మెల్లగా పక్కకు తప్పించి, కింద పూర్తి పేరు రాసి సంతకం చేశాడు.

సదాశివ ఆ కాగితాన్ని రెండుసార్లు చదివాడు. తాను తెచ్చిన టైపు కాగితాన్ని నాలుగు మడతలు పెట్టి, చింపకుండా, చొక్కా జేబులో పెట్టుకున్నాడు.

"ఇంటికి పోయి పొయ్యిల ఏస్త," అన్నాడు నెమ్మదిగా. "ఈడ నిప్పు ముట్టియ్యొద్దు కద."

దేవసహాయం పెదవుల మీద చిరునవ్వు మెదిలింది. కమలాబాయి ఏడుస్తూనే నవ్వింది. రాములు పేరు మీది మచ్చ ఆ గదిలో, ఆ ముగ్గురి ముందు తుడుచుకుపోయింది. ఆస్పత్రిలో లూకా చేతిముద్ద తింటూ మూతి తిప్పుతున్న ఆ మనిషికి ఈ సంగతి ఇంకా తెలియదు; సాయంత్రం తానే పోయి చెప్పాలని దేవసహాయం అనుకున్నాడు.

గొడుగు తీసుకుని గడప దాటబోతూ సదాశివ వెనుదిరిగాడు. చాలా జాగ్రత్తపరుడు, చివరి ప్రశ్న గడప దగ్గర అడగటం ఆయన అలవాటు.

"ఒక్క మాట. ఆ మూట ఒక్కటే కద? ఇంకేం లేవు కద?"

"కాలింది పాతది," అన్నది కమలాబాయి ముక్కు తుడుచుకుంటూ. "సోమారం సంది ఊడ్సింది కొత్తదాంట్ల..."

మాట నోట్లోనే ఆగిపోయింది.

మంట ఆర్పిన తరువాత ఆ తడినేలంతా ఊడ్చింది ఎవరు? చిరిగిన గంధకపు బస్తాల కింది పొడిని, పక్కగదుల నుంచి కంగారులో ఈడ్చిన బ్లీచింగు బస్తాల కింది పొడిని ఎత్తింది ఎవరు? అయిదు రోజులుగా ఆమె చేసిన పని అదే.

"ఎక్కడ ఉంది?" అన్నాడు దేవసహాయం.

"వరండాల. లారీలు నిలిచేకాడ, వాన పడకుండ గోడకానిచ్చి పెట్టిన."

ముగ్గురూ వరండాలోకి వచ్చారు. గోడ పక్కన నేలమీద, చుట్టూ జల్లుకు తడిసిన బండల నడుమ, మూట పెట్టినంత మేర గుండ్రని పొడిజాగా ఉన్నది. మూట లేదు. ఆ పొడిజాగా మధ్య సుబేదారు కూర్చుని, దారి వైపు చూస్తూ అరుస్తున్నది.

కొత్త హమాలీ జీవరాజు ఆ పక్కనే భుజంమీది తుండు దులుపుకుంటున్నాడు. గంజ్ అనే ధాన్యపు టోకు బజారులో పదేళ్ళు పనిచేసి, మొన్ననే ఇక్కడికి వచ్చినవాడు.

"ఈడున్న మూటనా సార్? పొద్దుగాల లెక్కల ఒక బస్తా పలిగింది. నూట యాభై తొమ్మిదే అయినయ్. లెక్క తక్కువుంటే మా గంజ్‌ల ఊడ్పు మూట ఏసి నిండ చేస్తం. తెల్లగనే ఉండె, అదే సరుకనుకున్న. లూకన్న లారీల అన్నిటి మీద పెట్టినం." మెచ్చుకోలు రాలేదేమని అతడు ముగ్గురి ముఖాలనూ మార్చి మార్చి చూశాడు.

లారీలో అన్నిటికంటే పైన. ఆ పూట ఆయన లాగి చూడని టార్పాలిను కింద. కింద నూట యాభై తొమ్మిది బ్లీచింగు బస్తాలు.

దేవసహాయం గోడ గడియారం చూశాడు. పదకొండుంబావు. లారీ ఏ.ఎస్. రావు నగర్ దాటి, సికింద్రాబాదు దాటి, పద్మారావు నగర్ దగ్గర ఆస్పత్రి గేటు ముందు నిలిచి ఎంతసేపైందో! రోగుల బంధువులు వాన పడితే ఆ గేటు దగ్గర ఏ లారీ నీడ దొరికితే ఆ నీడన తలదాచుకుంటారు. 'తొందరపెట్టకు, ఎంతసేపైనా కూర్చో' అని లూకాకు చెప్పినది తానే. మరొక మంచి మాట.

"సదాశివ గారూ, ఆస్పత్రికి ఫోను చెయ్యండి. గేటు దగ్గరి జనాన్ని తప్పించమనండి. మూట మీద నీళ్ళు చల్లవద్దనండి, చేత్తో ముట్టవద్దనండి!" అంటూనే ఆయన స్కూటరు తాళాల కోసం జేబు తడుముకున్నాడు. మెట్టు దిగుతూ ఒక్కసారి ఆగి, వెనక్కి తిరిగి, అడగటానికి భయపడుతూనే అడిగాడు.

"జీవరాజూ, ఎత్తేటప్పుడు ఆ మూట ఎలా ఉంది?"

"మూటకేముంది సార్, మంచిగనే ఉండె," అన్నాడు జీవరాజు, పిల్లి వైపు చూపిస్తూ. "గీ పిల్లితోనే తక్లీఫ్ అయింది. మూట మీదికెల్లి దిగనే దిగలే. మెడ పట్టి గుంజి దించినం."

* * *

ఈ కథను చదివినవారి ఇండ్లలో, చదువగా విన్నవారి ఇండ్లలో నిప్పు పొయ్యిగడ్డ దాటకుండుగాక. పరుల బరువు మోసే చేతులు చల్లగా ఉండుగాక. ముసురువానలో దారిన పడిన వారందరూ, వారికోసం పరుగెత్తేవారూ, క్షేమంగా గడప చేరుదురుగాక.